అమ్మానాన్నల పెళ్లిరోజుకు యాప్ అప్పా?

ప్రశ్న: మాది దేవరకొండ. నల్గొండలో ప్రైవేటు ఉద్యోగం, జీతం 26,000. బండి ఈఎంఐ 3,200 పోతుంది. వచ్చే ఆదివారం అమ్మానాన్నల 50వ పెళ్లిరోజు. అక్క నాన్నకు ఉంగరం పెడుతోంది. నా చేతిలో 3,000 మాత్రమే ఉన్నాయి, పొదుపు లేదు. ఒక లోన్ యాప్ 25,000 ఇస్తానంటోంది. ఖర్చులు పోను చేతికి 23,000 వస్తాయి, ఆరు నెలలు 4,900 చొప్పున కట్టాలి. అది తీసుకుని అమ్మకు కమ్మలు కొననా? లేక ఏదైనా సాఫ్ట్‌వేర్ దింపుకుని పాత ఫొటోలతో పుస్తకం చేయనా? చుట్టాల ముందు చిన్నతనమవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పుస్తకం చేయండి. ఆ అప్పు ముట్టుకోవద్దు.

ముందు లెక్క చూడండి. చేతికొచ్చేది 23,000, కట్టేది 29,400. నూటికి నెలకు ఏడున్నర రూపాయల వడ్డీ పడుతోంది, అంటే ఏడాదికి 90 శాతం. ఊళ్లో ఎవరైనా మూడు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అంటాం. ఫోన్‌లో ‘నెలకు 4,900’ అని చిన్న అంకెలా కనిపించేసరికి ఒప్పేసుకుంటున్నాం. అన్ని చార్జీలూ కలిపిన వార్షిక రేటును అప్పు ఇచ్చే ముందే చూపించాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ కాగితం తెరిచి చదివారా?

మీ ఉత్తరానికి జవాబివ్వడానికి అసలు కారణం వేరే. పెళ్లిరోజు, పండుగ, స్కూలు ఫీజు: ఇవన్నీ తేదీ ముందే తెలిసిన ఖర్చులు. వీటికి అప్పు చేసేవాళ్లకు తేదీ చెప్పకుండా వచ్చే ఖర్చు ఎదురైతే ఇక దారి ఉండదు. మీ అమ్మానాన్నలది పెద్ద వయసు. రాత్రిపూట నాన్నకు ఛాతీలో నొప్పి వచ్చి హైదరాబాద్ తీసుకెళ్లాల్సి వస్తే మీ దగ్గర ఏముంది? ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది, మంచిదే. కానీ బండి కిరాయి, బయట రాయించే టెస్టులు, తోడున్నవాళ్ల తిండి, మీరు డ్యూటీ మానిన రోజుల జీతం, ఇవన్నీ జేబులోంచే పోతాయి. బండికి, యాప్‌కు కలిపి నెలకు 8,100 కడుతూ ఆ రాత్రిని ఎలా దాటుతారు? మళ్లీ ఇంకో యాప్ తెరుస్తారు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ఇలా మొదలైనవే.

అందుకే యాప్‌కు కట్టాలనుకున్న 4,900లో కనీసం 2,500 ఈ నెల నుంచే వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. దానికి యూపీఐ కలపవద్దు. ఏటీఎం కార్డు ఇంట్లోనే ఉంచండి. మూడు నెలల ఇంటి ఖర్చు జమయ్యేదాకా కొత్త ఈఎంఐ ఏదీ వద్దు. గోల్డ్ లోన్ అయినా, క్రెడిట్ కార్డు వాయిదాలైనా కానుక కోసమైతే నా మాట ఇదే.

ఇక పుస్తకం సంగతి. నాలుగు రోజుల్లో కొత్త విద్య నేర్చుకోలేరు కాబట్టి పేజీలో ఫొటోలు, అక్షరాలు పెట్టుకునే లిబ్రెఆఫీస్ సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. దాని సొంత సైట్ నుంచే దించుకోండి. క్రాక్ చేసిన దొంగ డిజైన్ సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లవద్దు, అందులో వైరస్ ఉండొచ్చు, మీ బ్యాంకు లాగిన్ కూడా ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు) అసలే తెరవవద్దు. పాత ఫొటోలను ఫ్రేమ్‌లోంచి తీసి, పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీయండి. అక్క పంపే ఫొటోలను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, లేకపోతే నాణ్యత పోతుంది. ఆరు బై నాలుగు అంగుళాల ప్రింటు బాగా రావాలంటే 1800 బై 1200 పిక్సెళ్లు ఉండాలి. తెలుగు అక్షరాలకు రామభద్ర, మండలి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. షాపుకు మాత్రం పీడీఎఫ్ చేసి ఇవ్వండి. అక్కడి కంప్యూటర్లో ఆ ఫాంట్ లేకపోతే ఒత్తులు చెదిరిపోతాయి. ప్రతి ఫొటో కింద ఏ ఊరు, ఏ ఏడు, పక్కన ఎవరు అన్నది అమ్మనే అడిగి రాయండి. ఆ వివరాలు మీ ఇంట్లో ఇంకెవరికీ తెలియవు. ప్రింటు, బైండింగ్ మీ 3,000లోనే అయిపోవాలి, శుక్రవారానికల్లా షాపులో ఇచ్చేయండి.

ఇది చదివేలోపే అప్పు తీసేసుకుని ఉంటే, ఒప్పందంలో ‘కూలింగ్ ఆఫ్’ గడువు ఎన్ని రోజులో చూడండి. ఆలోపు అసలు, అప్పటిదాకా అయిన వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడవచ్చు. యాప్‌కు కాంటాక్టులు, గ్యాలరీ చూసే అనుమతి ఇచ్చి ఉంటే ఇప్పుడే తీసేయండి. ఫొటోలతో బెదిరింపులు మొదలైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.