వెబ్‌సైటు అప్పగిస్తూ మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. మన బడి పూర్వ విద్యార్థుల సంఘం వెబ్‌సైటును ఇకపై నువ్వు చూసుకోవాలని మొన్నటి సమావేశంలో తీర్మానించారు. పాస్‌వర్డు ఫోనులో చెప్పేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ నాకు అప్పగించిన పెద్దాయన అలాగే చేశారు, దాని ఫలితం నేను ఆరేళ్లు అనుభవించాను.

సైటు అందంగా ఎలా ఉండాలో నీకు నేను చెప్పనక్కరలేదు. ఎవరి చేతికి ఏ అధికారం ఇవ్వాలన్నది మాత్రం కంప్యూటర్ విద్య కాదమ్మా, బ్యాంకు విద్య. అది నా దగ్గర కాస్త ఉంది.

మన సైటు నడిచేది వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేరు మీద. అందులో అయిదు హోదాలున్నాయి. సబ్‌స్క్రైబర్ చదువుతాడు, తన వివరాలు మార్చుకుంటాడు, అంతే. కంట్రిబ్యూటర్ రాసి పెట్టగలడు కానీ ప్రచురించలేడు. ఆథర్ తన రచనను తానే ప్రచురించుకుంటాడు, ఫోటోలు ఎక్కిస్తాడు. ఎడిటర్ అందరి రచనల మీదా, అన్ని పేజీల మీదా చేయి వేయగలడు. ఇక అడ్మినిస్ట్రేటర్‌కు అడ్డే లేదు, తలచుకుంటే నిన్నే తొలగించగలడు. 2005 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ 2.0 వెర్షన్ వచ్చేదాకా ఈ పేర్లు లేవు, 0 నుంచి 10 దాకా అంకెలుండేవి. ఆ అంకెలే కొనసాగి ఉంటే మన కార్యవర్గంలో పదికి తక్కువ ఎవరూ ఒప్పుకునేవారు కారు!

నవ్వులాటకు అనడం లేదు. మనవాళ్లు హోదాను శాలువాలాగా చూస్తారు. అధ్యక్షుడు అయ్యాక అడ్మిన్ ఇవ్వకపోతే చిన్నతనం, కోశాధికారికి ఇచ్చి ఉపాధ్యక్షుడికి ఇవ్వకపోతే పేచీ. నేను కాదనలేక ఇస్తూ పోయాను. ఒక దశలో మన సైటుకు తొమ్మిది మంది అడ్మిన్లు ఉండేవారు. వాళ్లలో ఏడుగురు లోపలికి ఒక్కసారి కూడా రాలేదు. రాని మనిషి వల్ల ఏం నష్టమని అడుగుతావేమో. ఆ ఏడుగురిలో ఏ ఒక్కరి పాస్‌వర్డు దొంగ చేతికి చిక్కినా ఇల్లంతా దోచుకుపోవచ్చు. గౌరవం చూపించాలంటే కార్యవర్గం పేజీలో అధ్యక్షుడి ఫోటో అందరికంటే పైన, పెద్దదిగా పెట్టు. తాళంచెవి మాత్రం పనిని బట్టి ఇవ్వు.

బ్యాంకులో వోచరు ఒకరు రాస్తే మరొకరు పాస్ చేసేవారు. రాసిన చేతే పాస్ చేస్తే ఆడిటర్ ఊరుకునేవాడు కాదు. అది అనుమానంతో పెట్టిన నియమం కాదు; ఎంత నిజాయితీపరుడైనా మధ్యాహ్నం మూడు గంటలకు ఒక సున్నా ఎక్కువ వేస్తాడు. కంట్రిబ్యూటరుకూ ఎడిటరుకూ ఉన్న సంబంధం సరిగ్గా ఇదే. అందుకే కొత్తగా రాస్తానన్న వాళ్లందరినీ కంట్రిబ్యూటరుగానే మొదలుపెట్టించు. నాలుగైదు వ్యాసాలు చూశాక నమ్మకం కుదిరితే ఆథర్ చేయి.

దీనితో రెండు చిక్కులు వస్తాయి, ముందే చెప్పి ఉంచు. కంట్రిబ్యూటరు ఫోటోలు ఎక్కించలేడు. ఒకసారి వ్యాసం ప్రచురితమయ్యాక తన అచ్చుతప్పును తానే దిద్దుకోలేడు కూడా. దీనికోసం రాత్రి పదింటికి ఫోన్లు వస్తాయి. ‘నా వ్యాసం నేను ముట్టుకోకూడదా’ అని ఒకాయన నాతో నెల రోజులు మాట్లాడలేదు. అయినా ఆ ఒక్క కారణంతో హోదా పెంచకు. ఫోటో నీకు పంపమను, తప్పు నువ్వు దిద్దు.

ఇప్పుడు నా తప్పు సంగతి. మొదట్లో సౌకర్యంగా ఉంటుందని కార్యవర్గమంతటికీ కలిపి ఒకే ఖాతా, ఒకే పాస్‌వర్డు పెట్టాను. భవన నిధి దాతల పేజీలో ఒకరోజు పేర్ల వరుస మారిపోయింది. అయిదో పేరు రెండోదైంది, రెండో పేరు కిందికి జారింది. ఎవరు మార్చారో తేలలేదు. వర్డ్‌ప్రెస్ ప్రతి మార్పునూ రివిజన్లలో, అంటే పాత ప్రతుల్లో, మార్చినవారి పేరుతో సహా దాస్తుంది. కానీ అయిదుగురికీ ఒకటే పేరైతే అది మాత్రం ఏం చెబుతుంది? పాత వరుసను ఒక్క నొక్కుతో తెచ్చి పెట్టాను. చెడిన స్నేహాలను తేవడానికి ఏ మీటా లేదు. మనిషికొక ఖాతా ఉండి తీరాలి, ఎంత బతిమాలినా సరే. మరో మాట: ఫలానా పేజీకి మాత్రమే ఎడిటర్ అనే ఏర్పాటు వర్డ్‌ప్రెస్‌లో సహజంగా లేదు, దానికి వేరే ప్లగిన్ (విడిగా తగిలించుకునే అదనపు ప్రోగ్రాము) కావాలి. దాతల పేజీ వంటివి ఉన్న చోట ఎడిటర్లు ఇద్దరికి మించకుండా చూసుకోవడమే నాకు తెలిసిన తేలిక మార్గం.

తీసేసిన వ్యాసం చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, భయం లేదు. ఫోటోలకు ఆ రక్షణ లేదు. ఫోటోలుండే మీడియా లైబ్రరీలో తొలగిస్తే, మనం ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకోకపోతే, అక్కడికక్కడే పోయినట్టు. స్థలం ఖాళీ చేద్దామని మంచి మనసుతో ఒక ఎడిటర్ వార్షికోత్సవాల ఫోటోలు ఊడ్చేశారు. బ్యాకప్ ఉంది కాబట్టి బతికాం, అదీ నాలుగు నెలల పాతది. మిగతావి ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చుకున్నాను. నువ్వు వారానికి ఒకసారి బ్యాకప్ తీసుకో.

రెండేళ్లకోసారి కార్యవర్గం మారిన మర్నాడే సభ్యుల జాబితా తెరిచి కూర్చో. దిగిపోయిన వారి హోదా తగ్గించు, ఖాతా మాత్రం తొలగించకు. తొలగించబోతే వారి రచనలను కూడా తీసేయాలా, వేరొకరి పేరు మీదికి మార్చాలా అని అడుగుతుంది. తొందరలో మొదటిది నొక్కితే అన్నీ పోతాయి, రెండోది నొక్కితే వారి వ్యాసం కింద మరొకరి పేరు పడుతుంది. మన తెలుగు మాస్టారు పోయి మూడేళ్లయింది. ఆయన రాసిన పదకొండు వ్యాసాల కింద ఆయన పేరే ఉంది. ఆయన ఖాతా ఇప్పుడు సబ్‌స్క్రైబరుగా ఉంది. ఎవరైనా జాబితా శుభ్రం చేస్తామంటే ఆ పేరు దగ్గర ఆపు.

సెట్టింగుల్లో ఎవరైనా సభ్యులుగా చేరవచ్చన్న గడి ఖాళీగానే ఉండనివ్వు. దాని కింద కొత్తవారి హోదా సబ్‌స్క్రైబర్ అని ఉందో లేదో ఒకసారి చూసుకో.

అడ్మిన్లు ఇద్దరు చాలు. ఒక్కరే ఉంటే జ్వరం వచ్చినా పని ఆగుతుంది. అయితే బ్యాంకు స్ట్రాంగ్ రూమ్ తాళాల్లాగా ఇద్దరూ కలిస్తేనే తెరుచుకునే ఏర్పాటు కాదిది. ఎవరికి వారే అన్నీ చేయగలరు. అందుకని ఆ రెండో మనిషిని కార్యవర్గం ఎంపికకు వదలకుండా నువ్వే ఎంచుకో. రోజూ రాసుకోవడానికి వేరే మెయిలుతో నీకొక ఎడిటర్ ఖాతా పెట్టుకో, అడ్మినుగా అవసరమైనప్పుడే లోపలికి వెళ్లు. హోస్టింగు (సైటు ఉండే చోటు), డొమైన్ (సైటు చిరునామా) ఇన్నాళ్లూ నా సొంత మెయిలు మీద ఉన్నాయి. అది కూడా తప్పే. పోయిన వారమే సంఘం మెయిలుకు మార్చాను.

జాబితాలో నా పేరు పక్కన ఇంకా అడ్మినిస్ట్రేటర్ అనే ఉంది. నిన్న నేనే తగ్గించుకుందామని చూశాను. సొంత ఖాతాలో హోదా మార్చుకునే గడి కనిపించలేదు. కాబట్టి ఆ పని నువ్వే చేయాలి. కంట్రిబ్యూటర్ చాలు, రాసింది నువ్వు చూసి పాస్ చేద్దువు గాని.

ఇట్లు,
మావయ్య