వడగండ్లకు సిమెంటు రేకులు పగిలాయి, మామిడి పిందె రాలింది. ఇప్పుడేం చేయాలి?

అచ్చంపేట దగ్గర నల్లమల గుట్టల కింద ఊరు, సిమెంటు రేకుల ఇల్లు, పక్కనే ఎకరం మామిడి. ఫిబ్రవరి ఆఖరున పడ్డ వడగండ్లకు వాకిలంతా మంచు కురిసినట్టు తెల్లబడింది, రేకులు పగిలి కురుస్తున్నాయి, పిందె రాలింది. రేకులు అతికించాలా మార్చాలా, తోటకు ఏం చేయాలి అని అడిగారు.

అన్నిటికంటే ముందు, రేకుల మీదికి ఎవరినీ ఎక్కనియ్యకండి. దెబ్బతిన్న సిమెంటు రేకు పైనుంచి బాగానే కనబడుతుంది. వడగండు తగిలిన చోట పైన చిన్న తెల్ల మచ్చ, అంతే. అసలు పగులు అడుగున, గది వైపు, నాలుగు దిక్కులకూ పారి ఉంటుంది. అక్కడ కాలు పడితే మనిషి రేకుతో సహా కింద పడతాడు. అందుకే పరీక్ష లోపలి నుంచే చేయాలి. పట్టపగలు తలుపులు, కిటికీలు మూసి, లైట్లు ఆర్పి పైకి చూడండి. వెలుతురు కనబడ్డ ప్రతిచోటా బొగ్గుతో గుర్తు పెట్టండి. వెలుతురు రాకపోయినా సన్నని తడి గీత ఉంటే అదీ పగులే. ఎక్కక తప్పకపోతే రేకులు పూర్తిగా ఆరాక, కనీసం రెండు అడ్డ పైపుల మీద ఆనేంత పొడవైన పలక వేసి, బోల్టుల వరస మీదనే నడవాలి.

జానెడు లోపు పగులు, అదీ బోల్టుకు దూరంగా ఉంటే అతుకు నిలుస్తుంది. నీళ్లతో తడిపి, మెత్తటి బ్రష్‌తో నాచు, దుమ్ము తీసి, తడిగుడ్డతో తుడిచి, ఒకరోజు ఎండనివ్వండి. తర్వాత పైవైపు నుంచి అల్యూమినియం పూత ఉన్న బ్యుటైల్ టేపు (జిగట రబ్బరు టేపు), నాలుగంగుళాల వెడల్పుది, పగులు దాటి రెండు వైపులా రెండేసి అంగుళాలు పోయేలా అంటించి, రేకు వంపులోకి గట్టిగా నొక్కండి. తడి మీద అంటిస్తే టేపు లేచిపోతుంది. చాలామంది లోపలి నుంచి సిమెంటు పూస్తారు, అది దండగ పని. నీళ్లు పైనుంచి పగుల్లో దూరి ఇంకోచోట కారతాయి. పైగా ఎండకు రేకు సాగి రాత్రికి ముడుచుకుంటుంది, గట్టిపడిన సిమెంటు దాంతో పాటు కదలలేక మళ్లీ చీలుతుంది. బోల్టు దగ్గర మొదలైన పగులు, అంచు దాకా పారిన పగులు ఉంటే ఆ రేకు మార్చడమే.

పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ (రాతినార) ఉంటుంది. దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. పొడిగా గ్రైండర్ పెట్టి కోయకండి, నీళ్లు చల్లి చేతి రంపంతో కోయండి, ముఖానికి మంచి మాస్కు ఉండాలి. పగిలిన ముక్కలు దంచి వాకిట్లో పరవడం అస్సలు వద్దు.

కొత్త రేకు వేసేటప్పుడు మేస్త్రీ దగ్గర నిలబడి చూడాల్సినవి ఉన్నాయి. అడ్డ పైపుల మధ్య దూరం నాలుగున్నర అడుగులు దాటొద్దు. ఒక పైపు మిగుల్తుందని ఐదున్నర అడుగులకు పెడతారు, అప్పుడు రేకు నడుమ ఊగి చిన్న దెబ్బకే విరుగుతుంది. వాలు పది అడుగులకు రెండు అడుగులైనా ఉండాలి. వాలు తక్కువైతే వడగండ్లు రేకు గాడిలో పేరుకుని దారి మూస్తాయి, కరిగిన నీళ్లు పైకెక్కి అతుకు కింది నుంచి ఇంట్లోకి వస్తాయి. కొత్త రేకు పగలకుండానే ఇల్లు కురవడానికి కారణం ఎక్కువసార్లు ఇదే. పై రేకు కింది రేకు మీద ఆరంగుళాలు ఎక్కాలి. రంధ్రం గాడిలో కాదు, వంపు నెత్తిన పడాలి. 8 మిల్లీమీటర్ల హుక్ బోల్టుకు రంధ్రం రెండు మిల్లీమీటర్లు పెద్దగా ఉండాలి, ఇనుప వాషర్ కింద తారు వాషర్ తప్పనిసరి. వాషర్ కూర్చోగానే బిగించడం ఆపాలి. స్పానర్‌తో ఇంకో చుట్టు తిప్పితే రేకు సాగడానికి చోటుండదు, పగులు అక్కడే మొదలవుతుంది.

మొత్తం కప్పు మార్చే ఆలోచన ఉంటే పడుకునే గదుల వరకైనా అర మిల్లీమీటరు మందం రంగు ఇనుప రేకు మేలని నా అభిప్రాయం. వడగండ్లకు సొట్టపడుతుంది గానీ చీలదు. వేడి, చప్పుడు ఎక్కువే, కింద సీలింగ్ వేయించాలి. పశువుల కొట్టానికి సిమెంటు రేకు చాలు. కోళ్ల మీద షేడ్ నెట్ బల్లపరుపుగా కట్టి ఉంటే వాలుగా మార్చండి. రెండంగుళాల మందం వడగండ్లు నిలిస్తే చదరపు మీటరుకు పాతిక కిలోల పైనే బరువు పడి గుంజలు ఒరుగుతాయి.

ఇక మామిడి. దెబ్బ తగిలిన పిందె మీద, కొమ్మల గాట్ల మీద మచ్చ తెగులు త్వరగా పడుతుంది. ఆకులు ఆరగానే, రెండు రోజుల లోపు, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ లేదా 1 గ్రాము కార్బెండజిమ్ చెట్టంతా తడిసేలా కొట్టండి. విరిగిన కొమ్మలను పీచు వేలాడకుండా రంపంతో నున్నగా కోసి, కోత మీద బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. చెట్టు మీద మిగిలిన పిందె నిలవడానికి ప్లానోఫిక్స్ అనే హార్మోను మందు నాలుగున్నర లీటర్లకు 1 మి.లీ. మాత్రమే కలపాలి, మోతాదు మించితే ఉన్న పిందె కూడా రాలుతుంది. పాదుల్లో నిలిచిన నీళ్లు అదే రోజు తీసేయండి. చెట్ల కింద రాలినదంతా ఏరి బయట వేయండి, కుళ్లితే తెగులు మళ్లీ పైకెక్కుతుంది.

ఈ కాలం వడగండ్లు ఒక్కసారితో పోవు. బంగాళాఖాతం తేమ గాలి వచ్చి వేడెక్కిన నేల మీద పైపైకి లేచి, పైనున్న చల్లగాలిలో ఆ తేమ గడ్డకడుతుంది. ఏప్రిల్ దాకా, ఎక్కువగా మధ్యాహ్నం మూడు దాటాక, ఇదే వరస. ఉరుము వినబడితే పశువులను చెట్ల కింద కట్టకండి, పిడుగు హెచ్చరికకు దామిని యాప్ ఫోన్లో పెట్టుకోండి.

నష్టం రాయించుకోవాలంటే రాలిన పిందె ఏరకముందే ఫొటోలు తీసి, ఆ రోజే మీ క్లస్టర్ ఏఈవోకు (వ్యవసాయ విస్తరణ అధికారికి), ఉద్యాన శాఖ వారికి చెప్పండి. పంట 33 శాతం, అంతకు మించి పోతేనే లెక్కలోకి వస్తుంది. 2023 మార్చి వడగండ్లకు ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించినప్పుడూ ఆ లెక్కే. ఇంటి నష్టం వేరుగా తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. పగిలిన రేకులు దించకముందే వాటి ఫొటోలూ తీసి పెట్టుకోండి.