కైరోప్రాక్టిక్ కాలేజీ ‘మిషన్’ ప్రకటనను ఎలా చదవాలి?

ప్రశ్న: మేం చికాగో దగ్గర ఉంటాం. మా అమ్మాయి కైనిసియాలజీలో (శరీర కదలికల శాస్త్రం) డిగ్రీ మూడో ఏడాది చదువుతోంది. మెడికల్ స్కూల్ వద్దు, కైరోప్రాక్టిక్ కాలేజీలో చేరతానంటోంది. మూడు కాలేజీల బ్రోషర్లు తెచ్చి నా ముందు పెట్టింది. అన్నిటిలోనూ మొదట్లోనే ‘మా మిషన్’ (అంటే ఆశయం), ‘మా విద్యా లక్ష్యాలు’ అని ఉంది. సేవ, నాయకత్వం, ఆరోగ్యవంతమైన సమాజం... నాకైతే మూడూ ఒకేలా అనిపించాయి. వీటిని చదివితే కాలేజీ గురించి ఏమైనా తెలుస్తుందా? అసలిది డాక్టరు చదువేనా?
— ఒక తల్లి

జవాబు: ముందు మీ రెండో ప్రశ్నకు జవాబిస్తాను. కోర్సు పూర్తిచేసిన వారికి ‘డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్’ డిగ్రీ ఇస్తారు. ఇది అమెరికాలో మామూలు వైద్యులకు ఉండే ఎండీ డిగ్రీ కాదు. మందులు రాయడం, ఆపరేషన్లు చేయడం దాదాపు ఎక్కడా వీరి పరిధిలోకి రాదు. వెన్ను, కీళ్లు, కండరాలు, వాటికి సంబంధించిన నరాల ఇబ్బందులను పరీక్షించి, ముఖ్యంగా చేతులతో చికిత్స చేస్తారు. అమెరికాలో మొదట 1913లో కాన్సాస్ దీనికి లైసెన్సు చట్టం చేసింది. అందరికన్నా ఆఖరున 1974లో లూసియానా చేసింది. మీ ఇల్లినాయిలోనైతే కైరోప్రాక్టర్లకు లైసెన్సు వచ్చేది ఎండీలకు వర్తించే మెడికల్ ప్రాక్టీస్ చట్టం కిందే. కాబట్టి చట్టం గుర్తించిన వృత్తే, భయపడాల్సిన పని లేదు. అయితే కాలేజీకీ కాలేజీకీ మధ్య తేడా మాత్రం మెడికల్ స్కూళ్లలో కంటే ఇక్కడ చాలా ఎక్కువ. ఆ తేడా బయటపడేది మీరు ఒకేలా ఉన్నాయనుకున్న ఆ మిషన్ పేరాల్లోనే.

అది కనిపించాలంటే ఒక పాత తగాదా గురించి తెలియాలి. 1895లో ఐయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే ఆయన ఈ పద్ధతిని మొదలుపెట్టారు. 1897లో బడి తెరిచారు. వెన్నుపూసలు స్థానం తప్పి నరాల పనిని అడ్డుకోవడమే చాలా రోగాలకు మూలమని ఆయన నమ్మకం. అలా స్థానం తప్పడాన్ని ‘సబ్‌లక్సేషన్’ అంటారు. పదేళ్లు తిరగకుండానే శిష్యుల్లో చీలిక వచ్చింది. వెన్ను సర్దడం తప్ప మరేదీ వద్దన్నవాళ్లను స్ట్రెయిట్స్ అన్నారు. రోగనిర్ధారణ, వ్యాయామం, ఆహారం వంటివి కూడా నేర్పాలన్నవాళ్లు మిక్సర్స్ అయ్యారు. మిక్సర్స్ వైపు మొగ్గిన పామర్ శిష్యుడు జాన్ హోవర్డ్ డావెన్‌పోర్ట్‌లోనే 1906లో వేరు బడి పెట్టి, 1908లో చికాగోకు తరలించారు. మీ ఇంటికి దగ్గరలో లాంబార్డ్‌లో ఉన్న నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ హెల్త్ సైన్సెస్ ఆ బడే.

ఆ చీలిక ఇప్పటికీ పూర్తిగా పూడలేదు. ఉదాహరణకు సౌత్ కరొలైనాలో 1973లో మొదలైన షెర్మన్ కాలేజీ సబ్‌లక్సేషన్‌ను సరిచేయడమే తన పనికి కేంద్రమని దాపరికం లేకుండా చెప్పుకుంటుంది. అలా చెప్పడం నిజాయితీ, చదివేవాడికి మేలు కూడా. వేరే కాలేజీలు రుజువుల మీద ఆధారపడిన వైద్యం, ఇతర వైద్యులతో కలిసి పనిచేయడం గురించి మాట్లాడతాయి. ఈసారి ఆ బ్రోషర్లు తీసుకుని సేవ, నాయకత్వం అన్న మాటలను పక్కన పెట్టి చదవండి. అవి అందరూ రాసుకునేవే. ‘సబ్‌లక్సేషన్’, ‘ప్రాణశక్తి’, ‘శరీరంలోని సహజ మేధ’ ఎక్కడ వస్తున్నాయి? ‘పరిశోధన’, ‘రోగనిర్ధారణ’, ‘రెఫరల్’ (రోగిని వేరే వైద్యుడి దగ్గరికి పంపడం) ఎక్కడ వస్తున్నాయి? రెండూ గుర్తు పెట్టండి. పది నిమిషాల్లో మూడు కాలేజీలూ మూడు రకాలుగా కనిపిస్తాయి. ఒక్క జాగ్రత్త: ‘ఇంటిగ్రేటివ్’ (పలు వైద్య పద్ధతులను కలిపిన) అన్న మాట కనపడగానే శాస్త్రీయమనుకోవద్దు. రుజువు లేని చికిత్సలు కూడా ఆ పేరుతోనే చేరిపోతుంటాయి.

నా పక్షం ఏదో దాచను. మీ అమ్మాయి రుజువుల దారి పట్టిన కాలేజీలోనే చేరాలని గట్టిగా చెబుతాను. నడుము నొప్పికి వెన్ను మానిప్యులేషన్ (చేతులతో సర్దడం) ఉపయోగపడుతుందనడానికి ఆధారం ఉంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మందుల కంటే ముందు ప్రయత్నించదగిన పద్ధతుల్లో దీన్నీ చేర్చారు. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో కైరోప్రాక్టర్లు ఉద్యోగాలు చేస్తున్నారు, అక్కడ 2014 నుంచి రెసిడెన్సీలు (డిగ్రీ తర్వాత ఇచ్చే శిక్షణ) కూడా ఉన్నాయి. కానీ వెన్ను సర్దితే ఉబ్బసం తగ్గుతుందనో, పిల్లలకు చెవి ఇన్‌ఫెక్షన్లు పోతాయనో చెప్పడానికి తగిన ఆధారం లేదు. అలాంటి మాటలు నేర్చుకుని బయటికొచ్చిన పిల్లకు ఆసుపత్రి తలుపులు తెరుచుకోవడం కష్టం. అంతకంటే ముఖ్యంగా, ఆమెను నమ్మి వచ్చే రోగికి అన్యాయం జరుగుతుంది.

ఇక విద్యా లక్ష్యాలు. వీటిని కాలేజీలు ఇష్టం వచ్చినట్టు రాసుకోవడానికి లేదు. కౌన్సిల్ ఆన్ కైరోప్రాక్టిక్ ఎడ్యుకేషన్ అనే సంస్థ, పొట్టిగా సీసీఈ, గుర్తింపు ఇవ్వాలంటే కనీసం 4,200 గంటల బోధన ఉండాలి. మిషన్ రాసుకుని, దానికి తగ్గ లక్ష్యాలు పెట్టుకుని, అవి నెరవేరుతున్నాయో లేదో కొలిచి చూపించాలి. విద్యార్థికి రావాల్సిన నైపుణ్యాలను కూడా ఆ సంస్థే చెబుతుంది: పరీక్ష, రోగనిర్ధారణ, చికిత్స ప్రణాళిక, అడ్జస్ట్‌మెంట్ (వెన్ను సర్దడం), రికార్డులు రాయడం, వృత్తి నీతి, చట్టం, ఇతర వైద్య వృత్తులతో కలిసి పనిచేయడం వగైరా.

వీటిలో నేను ముందు చూసేది రోగనిర్ధారణ. నడుము నొప్పి అని వచ్చినవారిలో వందమందికి మామూలు నొప్పే కావచ్చు, ఆ తర్వాత వచ్చినవారికి వెన్నులో క్యాన్సరో, ఇన్‌ఫెక్షనో, ఎముక విరగడమో ఉండవచ్చు. మెడ నొప్పి అని వచ్చిన మనిషికి మెడలోని రక్తనాళం గోడ చీలడం మొదలై ఉండవచ్చు. అరుదే, కానీ అప్పుడు మెడ మీద చెయ్యి వేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ‘ఈ రోగికి నేను చికిత్స చేయకూడదు, వెంటనే ఆసుపత్రికి పంపాలి’ అని గుర్తుపట్టగలగడం ఈ చదువులో అన్నిటికన్నా పెద్ద విద్య. దానికి కాలేజీ ఎంత సమయం ఇస్తోందో అడగండి.

ఇతర వైద్యులతో కలిసి పనిచేయడం అన్న లక్ష్యం చూడటానికి మర్యాద మాటలా ఉంటుంది. దాని వెనుక చాలా కథ ఉంది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నీతి నియమాల ప్రకారం 1980 దాకా ఎండీలు కైరోప్రాక్టర్లతో వృత్తి సంబంధాలు పెట్టుకోకూడదు. 1976లో కొందరు కైరోప్రాక్టర్లు కోర్టుకు వెళ్లారు. అసోసియేషన్ ఈ వృత్తిని బహిష్కరించడం చట్టవిరుద్ధమని 1987లో ఫెడరల్ జడ్జి తీర్పు ఇచ్చారు. అంత పోరాడి తెరిపించుకున్న దారిని ఏ కాలేజీ నిజంగా వాడుకుంటోందన్నది తేల్చుకోవాల్సిన విషయం. విద్యార్థులు ఆసుపత్రుల్లోనో, కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలోనో రొటేషన్లు (వంతులవారీ శిక్షణ) చేస్తున్నారా, లేక కాలేజీ సొంత క్లినిక్ దాటి బయటికి రావడం లేదా?

ఆ క్లినిక్ గురించే మరో ప్రశ్న, ఇది మొహమాటపడకుండా అడగాలి: రోగులు ఎక్కడి నుంచి వస్తారు? కాలేజీ పంపుతుందా, లేక విద్యార్థులే చుట్టాలనూ స్నేహితులనూ తెచ్చి లెక్క నింపుకోవాలా? ఆరోగ్యంగా ఉన్న రూమ్‌మేట్ వెన్ను మీద ఎన్నిసార్లు చెయ్యి వేసినా, నిజంగా బాధపడే మనిషిని చూసిన అనుభవం రాదు. సమాజ సేవ తన మిషన్ అని రాసుకున్న కాలేజీలో బీమా లేనివాళ్లకు చికిత్స చేసే క్లినిక్ ఉందో లేదో చూడండి. ఉంటే మీ అమ్మాయికి రకరకాల రోగులు దొరుకుతారు, కాలేజీ మాటకూ విలువ ఉంటుంది.

లెక్కలు కూడా చూడాలి. లైసెన్సుకు నేషనల్ బోర్డు పరీక్షలు నాలుగు భాగాలుగా ఉంటాయి. సీసీఈ నియమాల ప్రకారం ఈ పరీక్షల్లో ఉత్తీర్ణత నాలుగేళ్ల సగటున 80 శాతానికి తగ్గకూడదు, చేరినవారిలో కనీసం 70 శాతం మంది గడువులోగా కోర్సు పూర్తిచేయాలి. ప్రతి కాలేజీ ఈ రెండు అంకెలనూ అందరికీ కనపడేలా ప్రకటించాలి. బ్రోషర్‌లో లేకపోతే అడిగి తెప్పించుకోండి. 81 శాతం ఉత్తీర్ణతకూ 95 శాతానికీ మధ్య చాలా దూరం ఉంది.

డబ్బు సంగతి ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. కోర్సు సుమారు మూడున్నర నుంచి నాలుగేళ్లు. చాలాచోట్ల ఒక్క ఫీజులే లక్ష డాలర్లు దాటుతాయి. దేశం మొత్తం మీద కైరోప్రాక్టర్ల మధ్యస్థ వార్షిక ఆదాయం ఇటీవలి ప్రభుత్వ లెక్కల్లో 75 వేల నుంచి 80 వేల డాలర్ల మధ్య ఉంది. కొత్తవాళ్లకు అంత రాదు. చాలామంది చివరికి సొంత క్లినిక్ పెట్టుకునేవాళ్లే కాబట్టి బిల్లింగ్, ఇన్సూరెన్స్, వ్యాపార నిర్వహణ నేర్పడం కాలేజీ లక్ష్యాల్లో ఉందో లేదో చూడండి. మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) అయితే కైరోప్రాక్టర్లకు వెన్నును చేతితో సరిచేయడానికి తప్ప మరే సేవకూ చెల్లించదు. ఇలాంటివి ముందే తెలిసి ఉండాలి.

చేరడానికి సాధారణంగా 90 సెమిస్టర్ క్రెడిట్లు (సుమారు మూడేళ్ల డిగ్రీ చదువు), 3.0 జీపీఏ (నాలుగుకు లెక్కించే మార్కుల సగటు) అడుగుతారు. మీ అమ్మాయి మూడో ఏడాదిలో ఉంది కాబట్టి తొందరపడి ఇప్పుడే వెళ్లే అవకాశం కూడా ఉంటుంది. నా సలహా, డిగ్రీ పూర్తిచేయనివ్వండి. కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సుకు అది తప్పనిసరి, పైగా మనసు మారితే ఫిజికల్ థెరపీ వంటి దారులు తెరిచే ఉంటాయి. ఈ వేసవిలో ఇద్దరు కైరోప్రాక్టర్ల దగ్గర కొన్ని రోజులు కూర్చుని చూడమనండి: ఒకరు సొంత క్లినిక్ నడిపేవారు, మరొకరు ఆసుపత్రిలో పనిచేసేవారు. ఆ తర్వాత ఆ మూడు కాలేజీల అడ్మిషన్ ఆఫీసులకు పైన చెప్పిన ప్రశ్నలతో ఆమెనే ఫోన్ చేయనివ్వండి. మీరు పక్కన ఉండి వినండి.