ప్రాగ్ నగరపు టాట్రా టీ3 ట్రామ్ ఎలా ఆగుతుంది?

టీ3లో బ్రేకులు మూడు రకాలు. డ్రైవర్‌కు కారులోలా కాలి కింద పెడళ్లుంటాయి. బ్రేక్ పెడల్ తొక్కగానే, ఒక్కొక్కటి 40 కిలోవాట్ల నాలుగు మోటార్లూ జనరేటర్లుగా మారతాయి. ఆ కరెంటు రెసిస్టెన్సుల్లో వేడిగా పోతుంది, బండి వేగం తగ్గుతుంది. మామూలు బ్రేకింగ్‌లో ఎక్కువ భారం దీనిదే.

అయితే చక్రం దాదాపు ఆగే దశలో మోటారు సరిపడా కరెంటు పుట్టించలేదు. అప్పుడు స్ప్రింగు బలంతో బిగిసే బ్రేకు అందుకుంటుంది. దాన్ని వదిలించడానికి సోలెనాయిడ్‌కు, అంటే కరెంటుతో లాగే తీగచుట్టకు, కరెంటు కావాలి, కాబట్టి కరెంటు పోతే బ్రేకు తనంతట తానే బిగుస్తుంది. చాలా తెలివైన ఏర్పాటు ఇది.

మూడోది అత్యవసరానికి. బండి కింద చక్రాలను మోసే చట్రానికి (బోగీకి) రెండు చొప్పున నాలుగు విద్యుదయస్కాంతాలు నేరుగా పట్టాలను పట్టేస్తాయి. వీటికి కరెంటు 24 వోల్టుల బ్యాటరీ ఇస్తుంది. అందుకే బలహీనమైన బ్యాటరీతో బండిని రోడ్డెక్కించకూడదు.

అసలు చిక్కు శరదృతువులో. రాలిన ఆకులు తడిసి నలిగి పట్టాల మీద జారుడు పొరలా అంటుకుంటాయి. చక్రం తిరగకుండా జారితే, పట్టా మీద రాసుకున్న చోట అరిగి చదునవుతుంది. ఆ తర్వాత టకటకమని కొట్టుకుంటూ తిరుగుతుంది, లేత్ యంత్రం మీద చెక్కి మళ్లీ గుండ్రంగా చెయ్యాలి. పట్టాల మీద ఇసుక చల్లేది ఇందుకే.

ఆధునికీకరించిన టీ3ఆర్.పీ.లో మాత్రం ట్రాన్సిస్టర్ చాపర్ (కరెంటును చాలా వేగంగా ఆపుతూ వదులుతూ అదుపు చేసే పరికరం) వల్ల బ్రేకింగ్ కరెంటు, దగ్గర్లో వాడుకునే బండి ఉంటే, పైతీగలోకి తిరిగి వెళ్తుంది.