మనతోపాటు శత్రువూ చావకపోతే...

ప్రశ్న: ఒక సింగిల్ ప్లేయర్ ఆటలో హెల్త్ తగ్గించే సబ్ (తీసివేత) ఇన్‌స్ట్రక్షన్‌ని చీట్ ఇంజిన్‌తో (ఆట మెమరీని, కోడ్‌ని మార్చే టూల్) పట్టుకుని, దాని స్థానంలో నాప్‌లు (ఏమీ చేయని ఇన్‌స్ట్రక్షన్లు) పెట్టాను. నా హెల్త్ తగ్గడం ఆగింది, కానీ శత్రువులు కూడా చావడం లేదు. సొంతంగా ఇంజెక్షన్ స్క్రిప్టు (ఆటను మధ్యలో మన కోడ్‌కి మళ్లించేది) రాస్తే ఆట క్రాష్ అవుతోంది. ఆ సబ్ 7 బైట్లుంది, ఆట 64 బిట్.

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు. దెబ్బ ఎవరికి తగిలినా ఆట నడిపేది ఆ ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌నే. ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ చోటైన రిజిస్టర్‌లో ఉండే అడ్రస్ మాత్రమే మారుతుంది. కాబట్టి ఆ లైన్ మీద రైట్ క్లిక్ చేసి, అది ఏయే అడ్రస్‌లను తాకుతోందో చూపించే ఆప్షన్ పెట్టండి. ఒక దెబ్బ తినండి, ఇద్దరు ముగ్గురు శత్రువులను కొట్టండి. వచ్చిన అడ్రస్‌లను డిసెక్ట్ డేటా విండోలో పక్కపక్కన పెట్టి, మీకు ఒక విలువ, శత్రువులందరికీ మరో విలువ ఉన్న ఆఫ్‌సెట్ (మొదటి అడ్రస్ నుంచి దూరం) వెతకండి. టీమ్ నంబరు దొరికితే అంతకన్నా కావలసింది లేదు. పాయింటర్లను (వేరే అడ్రస్‌ను దాచుకున్న విలువలు) నమ్మొద్దు, ఆట మూసి తెరిస్తే మారిపోతాయి.

స్క్రిప్టులో ముందు ఆ విలువను కంపేర్ చేసి, శత్రువైతే అసలు సబ్‌కి పంపండి. మీరైతే సబ్‌ని దాటేయాలనిపిస్తుంది, అక్కడే చాలామంది బోల్తా పడతారు. కంపేర్‌లో రెండూ సమానమైతే జీరో ఫ్లాగ్ (ఫలితం సున్నా అని ప్రాసెసర్ పెట్టుకునే గుర్తు) 1 అవుతుంది. సబ్ తర్వాత ఆట రాసుకున్న 'సున్నా లేక తక్కువైతే చావు' జంప్ ఆ ఫ్లాగ్‌నే చూసి మిమ్మల్ని చంపేస్తుంది. దాటేయకుండా అదే చోటు నుంచి 0 తీసేసే సబ్ పెట్టండి. హెల్త్ తగ్గదు, ఫ్లాగ్‌లు కూడా సరిగ్గా ఉంటాయి.

ఇక క్రాష్. అలాక్‌లో (కొత్త మెమరీ కేటాయించే కమాండ్) మూడో పారామీటర్‌గా ఇంజెక్షన్ అడ్రస్ ఇచ్చారా? ఇవ్వకపోతే కొత్త మెమరీ 2 జీబీ కన్నా దూరంలో పడొచ్చు. దగ్గరి జంప్‌కి 5 బైట్లు చాలు, మిగిలిన 2 బైట్లలో నాప్‌లు పెడితే సరి. దూరపు జంప్‌కి 14 బైట్లు కావాలి. అంటే మీ సబ్‌తోపాటు తర్వాతి 7 బైట్ల కోడ్ కూడా పోయినట్టే.

ప్రశ్న: హెల్త్‌లో 100 రాయించిన మరుక్షణం చచ్చిపోతున్నాను. ఎందుకు?

జవాబు: ఆ హెల్త్ ఫ్లోట్, అంటే దశాంశ సంఖ్యగా దాచిన విలువ. మామూలు 100ని ఫ్లోట్‌గా చదివితే దాదాపు సున్నా. 100కి ముందు బ్రాకెట్లలో ఫ్లోట్ అని టైప్ చేయండి. డిస్అసెంబ్లర్‌లో సబ్‌ఎస్ఎస్, మూవ్‌ఎస్ఎస్ అనే ఫ్లోట్ ఇన్‌స్ట్రక్షన్లు కనిపిస్తే ముందే అనుమానించాలి.

ప్రశ్న: అప్‌డేట్ వచ్చాక స్క్రిప్టు ఆన్ కావడం లేదు.

జవాబు: అడ్రస్‌తో కాకుండా బైట్ల వరుసతో వెతికే ఏఓబీ టెంప్లేట్ వాడండి. వరుసలో ఆఫ్‌సెట్ బైట్ల స్థానంలో ప్రశ్నార్థకాలు పెట్టి, అది ఒక్క చోటే దొరుకుతోందో లేదో చూసుకోండి. రెండు చోట్ల ఉంటే ముందు దొరికిన దాన్నే పట్టుకుంటుంది. నిజంగానే ఆఫ్‌సెట్ మారితే, కోడ్‌లో మీరు రాసినదాన్నీ, డిసేబుల్ భాగంలో తిరిగి రాసే అసలు బైట్లనూ మార్చాలి. ఆన్‌లైన్ ఆటల జోలికి మాత్రం వెళ్లొద్దు, అకౌంట్ పోతుంది.