తిరస్కరణ జవాబు మీద అప్పీలు రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మీ తాతగారి సైనిక యూనిట్‌కు చెందిన 1971 నాటి వార్ డైరీ (యుద్ధకాలంలో యూనిట్ రోజువారీగా రాసుకునే నమోదుల పుస్తకం) ఇవ్వలేమంటూ నీకు వచ్చిన జవాబును నిదానంగా నాలుగుసార్లు చదివాను. అందులో ఉన్నవి రెండే వాక్యాలు: ఆ రికార్డు ‘రహస్యం’ కింద వర్గీకరించినదని ఒకటి, సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(ఎ) ప్రకారం ఇవ్వడం కుదరదని రెండవది. నువ్వు అప్పీలు చేయవలసింది ఈ రెండు వాక్యాల మీదే.

పదేళ్ల కిందట ఇదే విషయమై నేను వేసిన అప్పీలులో నాన్నగారి గురించి, ఆయన కోసం మా అమ్మ ఎదురుచూపుల గురించి రెండు పేజీలు రాశాను. అందులో అబద్ధమేమీ లేదు. అయితే తిరస్కరణ చట్టప్రకారం ఎందుకు చెల్లదో ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ కార్యాలయం ఒకే వాక్యంతో కొట్టివేసింది. బాధతో ఆ కాగితాన్ని బీరువాలో పడేశాను. రెండో అప్పీలుకు ఉన్న 90 రోజుల గడువు కాస్తా దాటిపోయింది. నీకు అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాగితం మీద ‘రహస్యం’ అన్న ముద్ర ఉండటమే ఇవ్వకపోవడానికి కారణమని ఈ చట్టం ఎక్కడా చెప్పలేదు. ఆ సమాచారం బయటపెడితే దేశ భద్రతకో, సమగ్రతకో, వ్యూహాత్మక ప్రయోజనాలకో, విదేశీ సంబంధాలకో హాని జరుగుతుందా అన్నదే 8(1)(ఎ) కింద తేల్చవలసిన ప్రశ్న. 1923 నాటి అధికార రహస్యాల చట్టంతో వైరుధ్యం వచ్చినచోట ఈ చట్టమే చెల్లుతుందని సెక్షన్ 22 చెబుతోంది. నిరాకరణ సబబేనని నిరూపించవలసిన భారం సమాచార అధికారిదేనని సెక్షన్ 19(5)లో ఉంది. కాబట్టి ఏ పేజీ వల్ల, ఏ రకమైన హాని, అర్ధ శతాబ్దం దాటాక కూడా ఎలా కలుగుతుందో చెప్పమని సూటిగా అడుగు. సైన్యం రెండో షెడ్యూలులోని మినహాయింపు సంస్థల జాబితాలో లేదు కనుక ఆ పేరు చెప్పి తప్పించుకునే వీలు కూడా వారికి లేదు.

ఆ తరువాత, ఇవ్వకూడని భాగాన్ని తీసేసి మిగతాది ఇవ్వవచ్చని చెప్పే సెక్షన్ 10ని పట్టుకో. నా దృష్టిలో నీకు అన్నిటికంటే ఎక్కువ పనికివచ్చేది ఇదే. సంకేత భాషకో, సరిహద్దు మోహరింపుకో సంబంధించిన భాగాలు ఉంటే వాటిని తొలగించి, తాతగారు మరణించిన రోజు నమోదు, ఆ స్థలం, ఆనాటి మృతుల వివరాలు ఉన్న భాగాన్నైనా ఇవ్వమని రాయి. మొత్తం డైరీ కావాలని పట్టుబడితే కాదనడం వారికి సులువు. ఒక్క రోజు నమోదును కాదనాలంటే కారణం వెతుక్కోవాలి. మినహాయింపు వర్తించినా ప్రజా ప్రయోజనం హానిని మించి ఉంటే సమాచారం ఇవ్వవచ్చని చెప్పే 8(2)ను కూడా చేర్చు.

ఇరవై ఏళ్లు దాటిన విషయాల సమాచారం ఇవ్వాలని చెప్పే 8(3) మీద మాత్రం భారం వేయకు. ఆ వెసులుబాటు 8(1)(ఎ)కి లోబడినదే. చైనాతో 1962 యుద్ధంపై సైన్యం తయారుచేసిన హెండర్సన్ బ్రూక్స్ నివేదిక కోసం పాత్రికేయుడు కులదీప్ నయ్యర్ కేంద్ర సమాచార కమిషన్ దాకా వెళ్లినా, దశాబ్దాల నాటిదైన ఆ నివేదిక ఆయన చేతికి రాలేదు. అలాగని ఒకసారి లేదన్నది ఎప్పటికీ లేదని కాదు. ఏళ్ల తరబడి తొక్కిపెట్టిన నేతాజీ ఫైళ్లలో వందింటిని 2016 జనవరి 23న ప్రభుత్వమే బయటపెట్టింది.

ఇక గడువులు. జవాబు అందిన 30 రోజుల లోపు, సమాచార అధికారి కంటే పై హోదాలో ఉన్న అప్పిలేట్ అధికారికి మొదటి అప్పీలు చేరాలి. ఆ అధికారి వివరాలనూ, అప్పీలు గడువునూ తిరస్కరణ జవాబులోనే తెలపాలని 7(8) చెబుతోంది. నీకు వచ్చినదానిలో ఆ రెండూ లేవు. ఆ లోపాన్ని అప్పీలు మొదటి పేరాలోనే ఎత్తిచూపు. ఆయన 30 రోజుల్లో, ఆలస్యానికి కారణాలు నమోదు చేస్తే మొత్తం 45 రోజుల్లో తేల్చాలి. అప్పటికీ న్యాయం జరగకపోతే 90 రోజుల లోపు కేంద్ర సమాచార కమిషన్‌కు వెళ్లవచ్చు. అక్కడ నెలల తరబడి ఆగవలసి రావచ్చు, అయినా వెళ్లు. అసలు రికార్డును తెప్పించుకుని స్వయంగా చూసే అధికారం కమిషన్‌కు ఉంది. ఆ రికార్డును ఏ కారణంతోనూ దాని దగ్గర దాచడానికి వీల్లేదు.

తిరస్కరణ జవాబు వచ్చిన కవరును పారేయకు. జవాబు ఎప్పుడు వచ్చిందో చూపడానికి దాని మీది తపాలా ముద్ర పనికివస్తుంది. అప్పీలును స్పీడ్ పోస్టులో పంపి, రసీదును కాపీకి పిన్ను చేసి ఉంచు. ముసాయిదా రాయగానే నాకు పంపు, చదివి రెండు రోజుల్లో తిరిగి పంపుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న