మూడో తరగతి పాపకి ఆర్ట్ ప్రాజెక్ట్ ఇచ్చారు, సోమవారంలోపు ఏం చేయించాలి?

ముందుగా ఒక్క మాట. పాప చేత చేయించండి, మీరు చేసి పెట్టకండి.

ఇంట్లో తేలిగ్గా అయ్యేది చెప్పమన్నారు, లేదంటే రెడీమేడ్ మోడల్ ఎక్కడ దొరుకుతుందని కూడా అడిగారు. దొరకకేం. మన హైదరాబాద్‌లో అయితే కోఠి, జనరల్ బజార్ దాకా కూడా పోనక్కర్లేదు, ఇప్పుడు గల్లీ చివర స్టేషనరీ షాపులోనే థర్మాకోల్ సౌరకుటుంబాలు, అగ్నిపర్వతాలు, ఇంకుడు గుంతలు దొరుకుతున్నాయి. దయచేసి కొనకండి. నేను అత్తాపూర్ వైపు ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో చాలా ఏళ్లు ప్రైమరీ క్లాసులకు చెప్పాను. బల్ల మీదికి వచ్చిన ప్రాజెక్టుల్లో పిల్లలు చేసిందేదో, అమ్మానాన్నలు రాత్రి పన్నెండు దాకా కూర్చుని చేసిందేదో, షాపులో కొన్నదేదో చూడగానే తెలిసిపోతుంది. మార్కులు మాత్రం కొన్నదానికే ఎక్కువ వేస్తున్నారు. నా బాధంతా అదే.

ఇక ఏం చేయించాలంటే, ఒక పటం గీయించండి. "ఇంటి నుంచి బడి దాకా" అని పేరు పెట్టండి. జూన్‌లో నోటుబుక్కులకు అట్టలు వేయగా మిగిలిన బ్రౌన్ పేపర్ రోల్ ఇంట్లో ఎక్కడో ఉంటుంది. దాన్ని జానెడు వెడల్పున పొడుగ్గా కత్తిరించి, నేల మీద అడ్డంగా పరిచి, ఐదారు గళ్లు గీస్తే చాలు. పాప బడికి వెళ్లే దారిలో చూసేవి ఒక్కో గడిలో ఒకటి గీస్తుంది.

ఇదేం కొత్త ఐడియా కాదు, మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. సిద్దిపేట జిల్లా చేర్యాలలో పటాలు గీసే నకాశీ కళాకారులు బట్టకు చింతగింజల జిగురు, సుద్ద కలిపి పూసి ఆరబెట్టి, దాని మీద ఎర్రటి రంగు వెనకాల వచ్చేలా గళ్లు గళ్లుగా కథ గీస్తారు. 40 అడుగుల పటాలు కూడా ఉండేవి. కాకిపడగల లాంటి కథకులు ఊరూరా తిరిగి, ఒక్కో గడి విప్పుతూ కథ పాడేవారు. పాపని గోల్కొండ హస్తకళల ఎంపోరియంకి ఒకసారి తీసుకెళ్లండి, చేర్యాల బొమ్మలు అక్కడ పెడతారు. కొనాలనేం లేదు, దగ్గరికెళ్లి చూస్తే చాలు.

మా మూడో తరగతిలో నేను చేయించింది ఇదే. మొదట బొమ్మ గీయండి అన్నానో లేదో, క్లాసంతా ఒకే బొమ్మ దిగింది. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద గుడిసె, కొబ్బరిచెట్టు, పక్కన ఏరు. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో పుట్టి పెరిగిన పిల్లకు ఆ గుడిసె ఎక్కడిది? డ్రాయింగ్ బుక్కుల్లోది, ఇంట్లో పెద్దవాళ్లు నేర్పింది. అసలు మన ఊరి కొండలు అలా కూడా ఉండవు. ఖాజాగూడ వైపు వెళ్తే బండ మీద బండ ఎవరో ఎత్తి పెట్టినట్టు నిలబడి ఉంటుంది. అవి 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ రాళ్లు. వాటిని పగలగొట్టి టవర్లు కడుతున్నారు, మన పిల్లలేమో ఎక్కడా చూడని కొండలు గీస్తున్నారు. నాకు ఇది చాలా కోపం తెప్పించే విషయం.

అందుకని "పొద్దున వచ్చేటప్పుడు మీ కళ్లతో చూసిందే గీయాలి, చూడనిది ఒక్కటి కూడా వద్దు" అన్నాను. అప్పుడు మొదలైంది సందడి. ఆ ఏరియాలో పిల్లర్ల మీద కట్టిన ఎక్స్‌ప్రెస్‌వే పక్కన ఉండేవాళ్లకు అడ్రస్ అంటే పిల్లర్ నంబరే కదా. ఒకమ్మాయి ప్రతి పిల్లర్ మీదా నంబర్ వేసింది, వరుస తప్పిందని పక్కమ్మాయి చెబితే చెరిపి మళ్లీ వేసింది. ఒకడు పాల క్రేట్లు గీశాడు, ఇంకొకడు కటింగ్ షాపు. ఒక పిల్ల మూసీ బ్రిడ్జి మీద ముక్కు మూసుకుని నిలబడ్డ తననే గీసుకుంది.

ఆ క్లాసులో ఒక పిల్లాడు ఉండేవాడు. మాట్లాడేవాడు కాదు, ఏ నోట్సూ పూర్తి చేసేవాడు కాదు. వాళ్ల నాన్న ఆటో నడిపేవాడు, పొద్దున బడి దగ్గర దింపేది ఆయనే. వీడి పటంలో రోడ్డు లేదు, పిల్లర్లు లేవు. మొదటి గడిలో ఖాకీ చొక్కా వేసుకున్న వీపు, దాని మీద పెద్ద అద్దం, అద్దంలో రెండు కళ్లు, కింద మీసం. రెండో గడిలోనూ అదే, మూడో గడిలోనూ అదే. అద్దం ఆటో కన్నా పెద్దగా ఉంది. "దారి ఏదిరా?" అన్నాను. "గిదే దారి టీచర్. నేను ఎన్క కూసుంట. డాడీ అద్దంల నన్ను చూస్తుంటడు" అన్నాడు. ఆఖరి గడిలో అద్దం ఉంది గానీ అందులో కళ్లు లేవు. అదేంటని అడిగితే "స్కూల్ వచ్చింది గదా, నేను దిగిన" అన్నాడు.

పిల్లల బొమ్మల మీద పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ ఈ సంగతి 1940ల్లోనే చెప్పాడు. 7 నుంచి 9 ఏళ్ల పిల్లలు నేలను ఒక గీతగా గీసి అన్నీ దాని మీద నిలబెడతారు, తమకు ఏది ముఖ్యమో దాన్ని పెద్దగా గీస్తారు. కాబట్టి మీ పాప కుక్కని బస్సంత గీస్తే "కుక్క అంత ఉంటుందా?" అని దిద్దకండి. ఆ కుక్కంటే భయమో, ఇష్టమో, అది అడగండి.

ఆ పిల్లాడు తర్వాత నెమ్మదిగా క్లాసులో నోరు విప్పాడు, నోట్సు కూడా రాయడం మొదలుపెట్టాడు. అది పటం వల్లేనని నేను ఎవరితోనైనా వాదిస్తాను. ట్యూషన్ వల్ల కానిది ఆ బ్రౌన్ పేపర్ వల్ల అయింది.

ఎగ్జిబిషన్ రోజున మాత్రం మేనేజ్‌మెంట్ ఈ పటాలను హాల్లో పెట్టనివ్వలేదు. "పేరెంట్స్ ముందు ఈ పిచ్చిగీతలేంటి మేడమ్" అన్నారు. హాల్లో థర్మాకోల్ మోడల్స్ పెట్టారు, నేను పటాలను మెట్ల పక్క గోడకి అంటించాను. పేరెంట్స్ ఎక్కువసేపు నిలబడింది ఆ మెట్ల దగ్గరే. అలంకరణకు వాడే థర్మాకోల్‌ని కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించింది. అయినా "పర్యావరణాన్ని కాపాడుదాం" అనే ప్రాజెక్టు కూడా దాని మీదే చేయిస్తున్నారంటే ఎవరిని అడగాలి?

ఇంకో అన్యాయం కూడా చెప్పాలి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ చూడండి. 6 నుంచి 8 తరగతుల్లో పిల్లలు 100 మంది దాటితే ఆర్ట్‌కి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని రాశారు. 1 నుంచి 5 తరగతులకు ఆ మాటే లేదు. అడక్కుండానే గోడల నిండా గీసే వయసులో నేర్పేవాళ్లు ఉండరు, సిగ్గు మొదలై చెయ్యి ముడుచుకునే వయసులో టీచర్ వస్తారు. ఉన్న ఒక్క డ్రాయింగ్ పీరియడ్‌నీ పరీక్షలు దగ్గరపడితే మ్యాథ్స్‌కి ఇచ్చేస్తారు.

సరే, మీ పనికొస్తాను. బ్రౌన్ పేపర్ మీద లేత రంగులు ఆనవు, నల్ల స్కెచ్ పెన్ను, తెల్ల సుద్దముక్క, క్రేయాన్స్ బాగా కనిపిస్తాయి. ఎరుపు కోసం ఒక పని చేయండి. తెల్ల కాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరనివ్వండి. వంటసోడా కలిపిన నీళ్లలో ఇయర్‌బడ్ ముంచి దాని మీద గీస్తే గీత ఎర్రగా తిరుగుతుంది. పాప ఎగిరి గంతేస్తుంది. అలా గీసినవి కత్తిరించి పటం మీద అంటించుకోవచ్చు. అంటించడానికి రెండు చెంచాల మైదా నీళ్లలో కలిపి సన్నసెగ మీద ఉడికించండి, లై తయారవుతుంది. స్టవ్ దగ్గర పని మాత్రం మీరే చేయండి. పటం రెండు చివరలకూ రెండు పుల్లలు అంటిస్తే చుట్టి పట్టుకెళ్లొచ్చు.

ఆదివారం పొద్దున ఆ దారిలో పాపతో ఒకసారి నడిచి రండి, మధ్యాహ్నం కూర్చోబెడితే సాయంత్రానికి అయిపోతుంది. టీచర్ "నీట్‌గా లేదు" అని రాసి పంపితే డైరీలో "మా పాప సొంతంగా చేసింది" అని రాసి సంతకం పెట్టండి. ఈ ఎఫ్.ఎ. (ఫార్మేటివ్ అసెస్‌మెంట్)లో రెండు మార్కులు తగ్గితే తగ్గనీయండి, ఏం ఫర్వాలేదు.